పాత టూ స్ట్రోక్ బండి ఉందా? ఆర్‌సీ నుంచి పిస్టన్ దాకా తెలుసుకోవాల్సినవి ఇవే

మంగళగిరి, తాడేపల్లి, విజయవాడ వీధుల్లో ఆర్‌ఎక్స్ 100 శబ్దం వినిపిస్తే ఇప్పటికీ తల తిప్పి చూసేవాళ్లు ఉన్నారు. నాన్న నడిపిన చేతక్ స్కూటర్, తాతగారి యెజ్డీ, చీరల మూటలు మోసిన టీవీఎస్ ఎక్స్‌ఎల్.. ఇలా చాలా ఇళ్లలో ఏదో ఒక పాత టూ స్ట్రోక్ బండి మూలన ఉండే ఉంటుంది. దాన్ని బాగు చేయించి మళ్లీ రోడ్డెక్కించాలనుకునే వారు, సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునే యువత పెరుగుతున్నారు.

అయితే ఇంజిన్ స్టార్ట్ అయితే సరిపోదు. ఆర్‌సీ గడువు ఉందా? పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుందా? బండి ఎవరి పేరు మీద ఉంది? ఈ ప్రశ్నలకు సమాధానం లేకుండా మెకానిక్ దగ్గర వేలు ఖర్చు పెట్టాక, ఆ బండి చట్టప్రకారం రోడ్డు మీద తిరగలేదని తెలిస్తే లాభం లేదు. అందుకే కాగితాల నుంచి రిపేరు వరకు ఒక్కో అంశం చూద్దాం.

టూ స్ట్రోక్ బండ్లపై నిషేధం ఉందా?

లేదు. ఆంధ్రప్రదేశ్‌లో టూ స్ట్రోక్ అన్న ఒక్క కారణంతో ద్విచక్ర వాహనాన్ని నిషేధించలేదు. 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని చాలామంది అనుకుంటారు. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల జాతీయ రాజధాని ప్రాంతానికి సంబంధించిన కోర్టు ఆదేశాల నుంచి వచ్చిన మాట. మన దగ్గర సొంత వాడకానికి ఉన్న పాత బండి తనిఖీలో పాసై, ఆర్‌సీ రెన్యువల్ అయితే నడుపుకోవచ్చు.

మరి కొత్త టూ స్ట్రోక్ బైకులు ఎందుకు రావడం లేదు? కారణం కాలుష్య నిబంధనలే. ద్విచక్ర వాహనాలకు 1996లో ఒకసారి, 2000లో మరోసారి పరిమితులు కఠినం చేశారు. కిలోమీటరుకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 గ్రాముల నుంచి 2 గ్రాములకు, 2005లో 1.5 గ్రాములకు, 2010లో 1 గ్రాముకు తగ్గింది. 2017లో బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాయి. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పొగ బయటకు వెళ్లే దారి, కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారి కొంతసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. దాంతో కాలని పెట్రోలు కొంత నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది. ఇంజిన్ ఆయిల్ కూడా పెట్రోలుతో కలిసే కాలుతుంది. ఈ రెండూ ఉండగా కొత్త పరిమితులను అందుకోవడం ఖర్చుతో కూడిన పని. అందుకే కంపెనీలు ఫోర్ స్ట్రోక్‌కు మారాయి.

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. జావా, యెజ్డీలు తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతపడింది. ఇప్పుడు షోరూముల్లో కనిపిస్తున్న కొత్త జావా, యెజ్డీలు ఫోర్ స్ట్రోక్ బండ్లు. పాత బండ్ల పార్టులు వాటిలో వెతకొద్దు.

ఆర్‌సీ గడువు ఎప్పుడు ముగుస్తుంది?

సొంత వాహనం రిజిస్ట్రేషన్ తొలిసారి 15 ఏళ్లకు ఉంటుంది. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఉదాహరణకు 1996 జూన్‌లో రిజిస్టర్ అయిన ఆర్‌ఎక్స్ 100 తీసుకుందాం. దాని తొలి గడువు 2011లో ముగుస్తుంది. ఆ తర్వాత 2016, 2021, 2026లలో రెన్యువల్ కావాలి. మధ్యలో ఒక్కటి తప్పినా ఆ బండికి చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేనట్టే.

గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికి ఫారం 25 ఉంటుంది.

ఫీజు ఎంత?

- 15 ఏళ్లు దాటి 20 ఏళ్ల లోపు ఉన్న మోటార్ సైకిల్: రెన్యువల్ ఫీజు రూ.1,000
- 20 ఏళ్లు దాటిన మోటార్ సైకిల్: రూ.2,000 (2025 ఆగస్టులో కేంద్రం పెంచింది)
- గడువు దాటాక ఆలస్యానికి: నెలకు రూ.300 అదనం
- వీటికి తోడు తనిఖీ ఫీజు, కార్డు ఫీజు, గ్రీన్ ట్యాక్స్ వేరుగా ఉంటాయి

గ్రీన్ ట్యాక్స్ రాష్ట్రం వసూలు చేస్తుంది. పాత వాహనాలపై దీన్ని 2021లో చట్ట సవరణ ద్వారా పెంచారు. బండి వయసును బట్టి మొత్తం మారుతుంది. దరఖాస్తు చేసేటప్పుడు పోర్టల్ చూపించే అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఏజెంటు చెప్పే ఉజ్జాయింపు మొత్తాన్ని నమ్మి డబ్బులివ్వకండి.

ఆలస్యం ఎంత భారమో చూడండి. 20 ఏళ్లు దాటిన బండి ఆర్‌సీ గడువు ముగిసి పది నెలలైతే ఆలస్య రుసుమే రూ.3,000. రెన్యువల్ ఫీజు రూ.2,000 కలిపితే రూ.5,000. మిగతావి ఇంకా పైన. అందుకే ‘బండి బాగయ్యాక కాగితాలు చూద్దాం’ అనుకోవద్దు. కాగితాలు తేలాకే రిపేరు మొదలుపెట్టండి.

దరఖాస్తు ఎలా?

1. కేంద్రం నిర్వహించే పరివాహన్ పోర్టల్‌లో వాహన సేవల విభాగంలోకి వెళ్లి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకోండి.
2. బండి నంబరు, ఛాసిస్ నంబరులోని చివరి ఐదు అంకెలు ఇవ్వండి. మొబైల్ నంబరు లింక్ కాకపోతే ముందు అది పూర్తి చేయాలి.
3. రిజిస్ట్రేషన్ రెన్యువల్ సేవ ఎంచుకుని వివరాలు నింపి, ఫీజు, ట్యాక్స్ చెల్లించండి.
4. స్లాట్ తీసుకున్న రోజున బండితో పాటు రవాణా కార్యాలయానికి వెళ్లండి. మంగళగిరి గుంటూరు జిల్లాలో ఉంది, నది దాటితే విజయవాడ ఎన్టీఆర్ జిల్లా. కాబట్టి మీ చిరునామా ఏ కార్యాలయం పరిధిలోకి వస్తుందో పోర్టల్‌లోనే చూసుకోండి.
5. మోటారు వాహనాల తనిఖీ అధికారి, అంటే మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఎంవీఐ, బండిని పరిశీలిస్తారు.

వెంట ఉండాల్సినవి: ఒరిజినల్ ఆర్‌సీ, చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు, పాన్ కార్డు లేదా ఫారం 60, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్, చెల్లింపు రసీదులు.

తనిఖీలో బ్రేకులు, హెడ్‌లైటు, బ్రేక్ లైటు, ఇండికేటర్లు, హారన్, అద్దాలు, టైర్లు, నంబరు ప్లేటు చూస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఆర్‌సీలో ఉన్న ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. ఛాసిస్ నంబరుపై రంగు మందంగా పూసేసి ఉంటే ముందే జాగ్రత్తగా తీయించండి. గీకి చెరిపేయొద్దు.

ఆన్‌లైన్‌లో బండి వివరాలే రావట్లేదు. ఏం చేయాలి?

పాత పుస్తకం ఆర్‌సీలతో వచ్చే సమస్య ఇది. 1989కి ముందు నంబర్లు ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాలతో ఉండేవి. ఆ తర్వాత గుంటూరు జిల్లాకు ఏపీ 07, కృష్ణా జిల్లాకు ఏపీ 16 వచ్చాయి. 2019లో రాష్ట్రమంతటికీ కొత్త బండ్లకు ఒకే సిరీస్‌గా ఏపీ 39 మొదలైంది. పాత రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కని వాహనాలు కొన్ని ఉంటాయి. అలాంటప్పుడు ఒరిజినల్ ఆర్‌సీ పుస్తకంతో బండి రిజిస్టర్ అయిన కార్యాలయానికి వెళ్లి, పాత రికార్డు ఆధారంగా వివరాలు నమోదు చేయమని లిఖితపూర్వకంగా కోరాలి. దీన్నే బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. ఇది పూర్తి కాకుండా రెన్యువల్ గానీ, పేరు మార్పు గానీ ముందుకు సాగదు.

ఆర్‌సీ పుస్తకం పోయి ఉంటే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఫారం 26తో డూప్లికేట్ తీసుకోవచ్చు. ఆర్‌సీ కూడా లేదు, రికార్డూ లేదు అంటే మాత్రం ఆ బండిపై డబ్బు పెట్టకపోవడమే మేలు.

బండి చనిపోయిన నాన్న పేరు మీద ఉంటే?

చాలా ఇళ్లలో పాత బండి పెద్దవాళ్ల పేరు మీదే ఉండిపోతుంది. యజమాని చనిపోతే 30 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి సమాచారం ఇచ్చి, మూడు నెలల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలన్నది నిబంధన. దీనికి ఫారం 31 వాడాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం అవసరమవుతాయి. గడువు దాటినా దరఖాస్తు చేసుకోవచ్చు, ఆలస్య రుసుము పడుతుంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వారి సంతకాలు ముందే తీసుకోండి. ఇవాళ పది వేల విలువ చేయని బండే కదా అని ఊరుకుంటే, రేపు బాగు చేశాక దాని రేటు పెరిగినప్పుడు మాటామాటా వస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏం చూడాలి?

ఆర్‌ఎక్స్ 100, ఆర్‌డీ 350 లాంటి వాటికి గిరాకీ ఎక్కువ. అందుకే దొంగ బండ్లు, నంబర్లు మార్చిన బండ్లు కూడా తిరుగుతుంటాయి. కొనే ముందు ఇవి తప్పనిసరి:

- పరివాహన్‌లో నంబరు కొట్టి యజమాని పేరులోని అక్షరాలు, మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, గడువు సరిచూసుకోండి.
- ఛాసిస్, ఇంజిన్ నంబర్లను టార్చ్ వేసి స్వయంగా చదవండి. అంకెలు వంకరగా, వేర్వేరు లోతుల్లో ఉంటే, చుట్టూ గ్రైండింగ్ గీతలు కనిపిస్తే వెనక్కి రండి.
- చోరీ అయిన వాహనాల వివరాలు చూసుకునే వాహన్ సమన్వయ్ సేవలో కూడా తనిఖీ చేయండి.
- ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే ఫారం 35, ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి. 30 ఏళ్ల కింద అప్పు తీరిపోయినా, కాగితంలో పేరు అలాగే ఉండిపోయిన బండ్లు ఎన్నో.
- అమ్మేవారు, కొనేవారు ఫారం 29, 30పై సంతకాలు చేయాలి. సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు చేతులు మారుతూ వచ్చిన బండి అయితే ఆర్‌సీలో ఉన్న అసలు యజమానిని కలవకుండా కొనొద్దు.

ఇక్కడ మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. నంబరు ‘ఏపీ’తో మొదలైనంత మాత్రాన అది ఆంధ్రప్రదేశ్ బండి కాకపోవచ్చు. 2014 జూన్ 2కు ముందు రిజిస్టరైన ఏపీ 09 హైదరాబాద్‌ది, ఏపీ 20 ఖమ్మంది, ఏపీ 24 నల్గొండది. అవన్నీ ఇప్పుడు తెలంగాణ రికార్డులు. ఖమ్మంలోనో కోదాడలోనో కొని విజయవాడకు తెచ్చుకున్న ఏపీ 20, ఏపీ 24 బండికి తెలంగాణ రవాణా శాఖ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సి ఉంటుంది. ట్యాక్స్ లెక్క కూడా అప్పుడే తేలుతుంది. అందుకే ధర మాట్లాడేటప్పుడు ఎన్‌ఓసీ బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి.

పొల్యూషన్ టెస్టులో పాసవుతుందా?

ఇంజిన్ సరిగ్గా ఉంటే పాసవుతుంది. చాలామంది పొగ కనిపిస్తే ఫెయిల్ అవుతుందనుకుంటారు. పెట్రోలు బండ్లకు చూసేది కంటికి కనిపించే పొగ కాదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లను యంత్రం కొలుస్తుంది. పరిమితులు ఇవీ:

- 2000 మార్చి 31 వరకు తయారైనవి: కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం
- ఆ తర్వాత తయారైన టూ స్ట్రోక్ బండ్లు: 3.5 శాతం, 6,000 పీపీఎం

అంటే 1996 ఆర్‌ఎక్స్ 100 కంటే 2003 ఆర్‌ఎక్స్ 135 కఠినమైన పరీక్ష దాటాలి. సర్టిఫికెట్ బీఎస్-4కు ముందు బండ్లకు ఆరు నెలలే చెల్లుతుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్లాలి.

టెస్టుకు వెళ్లే ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించండి. కొత్త స్పార్క్ ప్లగ్ వేయండి. కార్బొరేటర్ ఐడిల్ సరిచేయించండి. బండిని నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఇంజిన్ వేడెక్కాక టెస్టుకు పెట్టండి. చల్లటి ఇంజిన్, చోక్ వేసిన ఇంజిన్‌తో అంకెలు ఎప్పుడూ ఎక్కువే వస్తాయి. టెస్టు చేయకుండా సర్టిఫికెట్ ఇస్తామనే వారి దగ్గరకు వెళ్లకండి. విజయవాడ, గుంటూరు రెండూ జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో ఉన్నాయి. ఆ గాలి పీల్చేది మనమే, మన పిల్లలే.

కాగితాలు లేకుండా నడిపితే?

మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం జరిమానాల గరిష్ఠ పరిమితులు పెరిగాయి. చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే తొలిసారి రూ.5,000 వరకు, ఇన్సూరెన్స్ లేకపోతే తొలిసారి రూ.2,000, కాలుష్య నిబంధనలు ఉల్లంఘిస్తే రూ.10,000 వరకు చట్టంలో ఉంది. అక్కడికక్కడే కట్టించుకునే మొత్తాలను రాష్ట్రాలు వేరుగా నిర్ణయిస్తాయి.

జరిమానా చిన్న విషయం. పెద్ద ప్రమాదం ఇన్సూరెన్స్‌లో ఉంది. చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డుపై వాహనం నడపడం పాలసీ షరతులను మౌలికంగా ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు 2014లో ఒక కేసులో చెప్పింది. ఆ కేసులో వాహన యజమానికి నష్టపరిహారం దక్కలేదు. జాతీయ రహదారిపై ఎవరికైనా మీ బండి తగిలి గాయమైతే, ఆ భారం చివరకు మీ మీద, మీ కుటుంబం మీద పడే పరిస్థితి తెచ్చుకోవద్దు.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఖరీదైనదేమీ కాదు. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 75 సీసీ వరకు రూ.538, 75 నుంచి 150 సీసీ వరకు రూ.714, 150 నుంచి 350 సీసీ వరకు రూ.1,366. జీఎస్టీ అదనం. అంటే ఎక్స్‌ఎల్ సూపర్ మొదటి వర్గంలోకి, ఆర్‌ఎక్స్ 100 రెండో వర్గంలోకి, యెజ్డీ 250, ఆర్‌డీ 350 మూడో వర్గంలోకి వస్తాయి. బండికి జరిగే నష్టానికి, చోరీకి కవర్ ఇచ్చే పాలసీ మాత్రం ఇంత పాత బండ్లకు దొరకడం కష్టం. కాబట్టి తాళం, గొలుసు మీ బాధ్యతే.

‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చా?

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఫీజు రూ.20,000, పదేళ్లకు చెల్లుతుంది. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి.

కానీ ఆ బండిని రోజూ నడపకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు వంటి వాటికే రోడ్డెక్కాలి. 1960ల నాటి జావా అయితే ఈ వర్గంలోకి వస్తుంది. ఆర్‌ఎక్స్ 100లలో అన్నిటికంటే పాతది కూడా 2035 దాకా ఆగాల్సిందే. అందుకే ఎక్కువ మందికి మామూలు రెన్యువలే దారి.

ఇంజిన్ మార్చడం, సైలెన్సర్ మార్చడం నేరమా?

ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిలో మార్పులు చేయడానికి చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. అదే రకం ఇంజిన్ వేయించుకున్నా ముందుగా అనుమతి తీసుకుని, ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి రూ.5,000 వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష లేదా రెండూ ఉండొచ్చు. శబ్దం కోసం సైలెన్సర్ లోపలి బ్యాఫిల్ తీసేయడం ఇందులోకే వస్తుంది. పైగా టూ స్ట్రోక్ ఇంజిన్‌లో సైలెన్సర్ శబ్దం ఆపే డబ్బా మాత్రమే కాదు. బయటకు పోయే గ్యాసును వెనక్కి నెట్టి పెట్రోలును సిలిండర్‌లో ఆపే పని కూడా దానిదే. దాన్ని పాడు చేస్తే శబ్దం పెరిగి పికప్, మైలేజీ తగ్గుతాయి.

రిపేరులో ముందు ఏం చూడాలి?

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో వాల్వులు, క్యామ్ ఉండవు. విప్పడం తేలిక. కానీ నాలుగు విషయాల్లో తేడా వస్తే మొత్తం ఇంజిన్ పోతుంది.

ఆయిల్: ఇంజిన్ లోపలి బేరింగులకు, పిస్టన్‌కు అందేది పెట్రోలుతో కలిసిన టూటీ ఆయిల్ మాత్రమే. చేతక్, ఎక్స్‌ఎల్, యెజ్డీ లాంటి వాటిలో పెట్రోలులోనే కలపాలి. లీటరుకు 20 మిల్లీలీటర్లంటే 2 శాతం. ఇంకా పాత మోడళ్లకు దాదాపు రెట్టింపు కావాలి. మీ బండి మాన్యువల్‌లో ఉన్న నిష్పత్తినే పాటించండి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. పొగ, మసి పెరుగుతాయి. ఆర్‌ఎక్స్ 100లో విడిగా ఆయిల్ ట్యాంకు, పంపు ఉంటాయి. ఆ ట్యాంకు ఖాళీ అయినా, పంపు పైపులో గాలి చేరినా ఇంజిన్ పట్టేస్తుంది. ప్యాకెట్‌పై జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ గ్రేడు ఉన్న ఆయిల్ తక్కువ పొగ ఇస్తుంది.

ఆయిల్ సీళ్లు: క్రాంక్‌కు రెండు వైపులా ఉండే రబ్బరు సీళ్లు ఏళ్లు గడిస్తే గట్టిపడతాయి. మాగ్నెట్ వైపు సీలు పోతే గాలి లోపలికి లాగుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం తగ్గదు, వేడెక్కుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి పోయి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, గేర్ ఆయిల్ తగ్గిపోతుంటుంది. పొగ చూసి వెంటనే ‘బోర్ పోయింది’ అని సిలిండర్ విప్పించకముందు గేర్ ఆయిల్ లెవల్ చూడమనండి.

బోర్, పిస్టన్: సిలిండర్ అరిగితే లేత్‌లో బోర్ కొట్టించి 0.25, 0.50 మిల్లీమీటర్ల చొప్పున పెద్ద పిస్టన్ వేస్తారు. ఎన్నో సైజులో ఉందో రాయించుకోండి. చివరి సైజు దాటితే స్లీవ్ వేయాల్సిందే. ముందు పిస్టన్ కొని, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోర్ కొట్టించాలి. ముందే కొట్టించి తర్వాత పిస్టన్ వెతికితే గ్యాప్ సరిగ్గా రాదు. ఇలాంటి లేత్, బోరింగ్, వెల్డింగ్ పనులకు విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు దశాబ్దాలుగా పేరుంది. లారీల పనులకు పేరుపడిన చోటే అయినా బండి సిలిండర్ పనీ చేసేవాళ్లున్నారు. బోర్ కొట్టించాక తొలి 500 నుంచి 1,000 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి.

మసి: ఎగ్జాస్ట్ పోర్టులో, సైలెన్సర్ బ్యాఫిల్‌లో కార్బన్ పేరుకుంటే పికప్ చచ్చిపోతుంది. ఇంజిన్ విప్పేలోపు ముందు బ్యాఫిల్ శుభ్రం చేయించి చూడండి. చాలా బండ్లకు అదే మందు.

స్పార్క్ ప్లగ్ రంగు ఇంజిన్ ఆరోగ్యం చెబుతుంది. చాక్లెట్ రంగులో ఉంటే మంచిది. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు లేదా ఆయిల్ ఎక్కువవుతోంది. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. ఇది ప్రమాదం. ఆ స్థితిలో వేగంగా వెళ్తే పిస్టన్ పట్టేసి వెనక చక్రం ఆగిపోవచ్చు. మంగళగిరి, విజయవాడ మధ్య హైవేపై వేగంగా వెళ్తున్నప్పుడు ఇంజిన్ ఉన్నట్టుండి మూలిగినట్టు, బలం తగ్గినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టి, పక్కకు తీసి ఆపండి. ఈ ఒక్క అలవాటు ప్రాణం కాపాడుతుంది.

ఈ20 పెట్రోలుతో ఇబ్బందా?

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత బండ్లు దీనికోసం తయారైనవి కావు. రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఇథనాల్ కలిసినప్పుడు అదే జెట్‌తో ఇంజిన్‌కు గాలి పాళ్లు కొంత ఎక్కువవుతాయి. ప్లగ్ తెల్లబడుతుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాల్సి రావచ్చు. రెండు, పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్ వాషర్లు మెత్తబడి కారతాయి. ఇథనాల్‌ను తట్టుకునే కొత్త పైపులు వేయించండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. మన డెల్టా గాలిలో తేమకు కొదవ లేదు. వారాల తరబడి బండి తీయకపోతే ట్యాంకులో ఆయిల్ కలిపిన పెట్రోలు ఉంచొద్దు. కార్బొరేటర్ ఖాళీ చేయండి.

వరదలో మునిగిన బండి అయితే?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పరిసర ప్రాంతాల్లో వేల బండ్లు నీళ్లలో నానాయి. అలాంటి బండ్లు పైపై మెరుగులతో మార్కెట్లోకి వస్తుంటాయి. టూ స్ట్రోక్‌కు వరద నీరు మరింత చేటు. కార్బొరేటర్ ద్వారా, సైలెన్సర్ ద్వారా నీరు నేరుగా క్రాంక్ గదిలోకి చేరుతుంది. అక్కడి బేరింగులు ఆయిల్ పూతపైనే ఆధారపడతాయి కాబట్టి త్వరగా తుప్పు పడతాయి.

మీ బండి మునిగితే కిక్ కొట్టకండి. సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్ తీసి నీరంతా వంపేయాలి. ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి, గేర్ ఆయిల్ మార్చి, మాగ్నెట్ ఆరబెట్టాలి. ప్లగ్ రంధ్రంలో కొంచెం టూటీ ఆయిల్ పోసి చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి. కొనేటప్పుడైతే ప్లగ్ తీయించి, కిక్ రాడ్‌ను చేత్తో తిప్పుతూ గరగర వస్తోందేమో వినండి. హెడ్‌లైటు డూమ్ లోపల, మాగ్నెట్ కవరు లోపల బురద గీత ఉంటే విషయం అర్థమైనట్టే.

స్పేర్ పార్టులు దొరుకుతాయా?

రింగులు, పిస్టన్ కిట్లు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, సీళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటిలో కంపెనీ స్పేర్ తక్కువ, లోకల్ ఎక్కువ. రంగు, రబ్బరు, స్టిక్కర్ల విషయంలో లోకల్ వేసినా నష్టం లేదు. పిస్టన్, రింగులు, క్రాంక్ బేరింగులు, బ్రేక్ షూల విషయంలో మాత్రం పేరున్న తయారీదారుదే తీసుకోండి. తీసేసిన పాత పార్టులను మెకానిక్ దగ్గర వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. ఒరిజినల్ క్రాంక్, కార్బొరేటర్, సిలిండర్‌కు విలువ ఉంది. అవి బాగు చేయించుకోవచ్చు కూడా.

ఇక వద్దు, వదిలించుకుందాం అనుకుంటే?

పాత ఇనుము కింద అమ్మేసి ఊరుకోవద్దు. ఆర్‌సీ మీ పేరుతోనే మిగిలిపోతుంది. ఆ నంబరు ప్లేటుతో మరో బండి తిరిగినా, నేరంలో దొరికినా ముందు పోలీసులు వచ్చేది మీ ఇంటికే. గుర్తింపు పొందిన వాహన తుక్కు కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దానితో కొత్త బండి కొనేటప్పుడు పన్నులో రాయితీ పొందే వీలుంది. బండి ధ్వంసమైతే 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి.

క్లుప్తంగా చెప్పాలంటే వరుస ఇదీ

1. పరివాహన్‌లో రికార్డు ఉందో లేదో చూడండి.
2. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు సరిపోల్చండి.
3. పేరు మార్పు, ఎన్‌ఓసీ, ఫైనాన్స్ చిక్కులు తేల్చుకోండి.
4. రెన్యువల్, ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్ మొత్తం ఎంతో లెక్క వేసుకోండి.
5. ఆ లెక్క మీకు సమ్మతమైతేనే మెకానిక్ దగ్గరకు వెళ్లండి. ముందు సీళ్లు, బ్రేకులు, వైరింగ్. రంగు చివర్లో.
6. ఇన్సూరెన్స్, పొల్యూషన్ తీసుకుని ఎంవీఐ తనిఖీకి తీసుకెళ్లండి.
7. కొత్త ఆర్‌సీ వచ్చాక గడువు తేదీని, ఆరు నెలలకోసారి వచ్చే పొల్యూషన్ తేదీని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఫీజులు, పన్నులు మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు ఆ రోజు పోర్టల్‌లో చూపించే మొత్తాన్ని మరోసారి సరిచూసుకోండి.